ఆటపెట్టెను లాప్‌టాప్‌గా మలచుట

టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆటపెట్టెలు, అనగా గేమ్ కన్సోలులు, మన ఇండ్లలోనికి వచ్చి చాలకాలమైనది. పిల్లలు పెద్దవారైనంతనే అవి అటకెక్కును. అట్టి పెట్టెను క్రిందికి దింపి, దానికొక చిన్న తెరను మడతబందులతో బిగించి, లాప్‌టాప్ ఆకారమునకు తేవలెనను కుతూహలము కొందరు విద్యార్థులకు కలుగుచుండును. మెదక్ పట్టణమునందు అట్టి పిల్లలున్న గృహస్థులను ఉద్దేశించి నేడు ఈ పనిని గురించి ముచ్చటింపదలచితిమి.

ముందుగా ఒక మాట స్పష్టము చేయవలెను. లాప్‌టాప్ కొనుటకు తండ్రివద్ద సొమ్ము లేదు. ఇంటిలో పాత ఆటపెట్టె ఉన్నది. "దీనినే లాప్‌టాప్ చేసి చదువుకొందును నాన్నగారూ" అని కుమారుడనును. ఆ ఆశతో మాత్రము సొమ్ము వెచ్చింపవద్దని మా సలహా. ఇట్లు తయారగునది మడతపెట్టగల ఆటపెట్టెయే. దానిపై వ్యాసము వ్రాయుటకు గాని, లెక్కల పట్టిక వేయుటకు గాని వీలుపడదు.

పెట్టెలోపల ఉన్నది కంప్యూటరు కాదా యందురేమో. నిజమే, కంప్యూటరే. 1983లో జపానున నింటెండో సంస్థ వెలువరించిన ఆటపెట్టె పేరే ఫ్యామిలీ కంప్యూటర్. మరుసటి సంవత్సరమే దానికొక కీబోర్డును, బేసిక్ భాషను అమ్మినారు. సోనీవారు 2002లో ప్లేస్టేషన్ 2కు లైనక్సును, కీబోర్డును, మౌసును, 40 గిగాబైట్ల హార్డ్ డిస్కును కలిపి అమ్మినారు. ప్లేస్టేషన్ 3లో లైనక్సును నెలకొల్పుకొను వీలు మొదట ఉండెను. 2010 ఏప్రిల్‌లో దానిని తొలగించినారు. తలుపు ఉన్నది గాని తాళపుచెవి తయారుచేసినవారి వద్దనే ఉన్నది. చదువుకే కావలెనన్నచో, సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట పాత లాప్‌టాప్ వెదకుట మేలు.

మరి ఈ పని ఎందుకు? విద్యుత్తు ఎచ్చట ప్రవేశించును, వేడి ఎచ్చటనుండి వెలికిపోవును అను రెండు విషయములను చేతితో నేర్చుకొనుటకు దీనిని మించిన పాఠము మాకు తోచదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రవాసియగు బెంజమిన్ హెకెండార్న్ 2000 ప్రాంతమున పాత అటారి 2600 ఆటపెట్టెను చేతిలో ఇముడునట్లు చేసి పేరుపొందినాడు. అట్లు సులువైన దానితో ఆరంభించినవాడే 2006లో ఎక్స్‌బాక్స్ 360ని లాప్‌టాప్‌గా మలచినాడు. ఆ యంత్రపు వేడి చల్లార్చుటకు లోపల నీటిని ప్రవహింపజేయవలసి వచ్చినది. ఎక్స్‌బాక్స్ 360 తొలి నమూనాకు ఇచ్చిన విద్యుత్ పెట్టె 203 వాట్లది. సామాన్యపు లాప్‌టాప్ బ్యాటరీలో నిలువయుండునది 50 వాట్ అవర్ల శక్తి. ఆ యంత్రము నిండుగా పనిచేసినచో అట్టి బ్యాటరీ పావుగంటకే ఖాళీయగును. కనుక క్రొత్తవారు దాని జోలికి పోరాదు.

క్రొత్తవారికి తగినది 2004 చివర వెలువడిన పలుచని ప్లేస్టేషన్ 2. దానికి కావలసినది 8.5 వోల్టులు మాత్రమే. అడాప్టరు బయటనే ఉండును. తరువాతి నమూనాలలో ఆ అడాప్టరును లోపలనే ఇమిడ్చినారు, అవి వలదు. 230 వోల్టుల ఇంటి విద్యుత్తు అట్టి పరికరములోపల కెపాసిటరుపై దాదాపు 325 వోల్టులై నిలిచియుండును. ప్లగ్గు పీకిన తరువాత కూడ కొంతసేపు అది ప్రాణాపాయమే. తల్లిదండ్రులు ఒక్క నియమము పెట్టిన చాలును: పిల్లవాడు అడాప్టరును విప్పరాదు.

తెరగా, కారును వెనుకకు నడుపునపుడు దారి చూపు 7 అంగుళముల తెర సరిపోవును. ఆటపెట్టెనుండి వచ్చు పసుపుపచ్చని తీగను నేరుగా దానికి తగిలింపవచ్చును. పాల్ పద్ధతి బొమ్మను స్వీకరించునో లేదో అడిగి కొనవలెను. ఇట్టి సామానుకు కోఠిలోని గుజరాతీ గల్లీ ప్రసిద్ధము. 2022లో మెదక్‌కు రైలు వచ్చినది. కాచిగూడలో దిగినచో కోఠి ఎంతో దూరము కాదు.

సామాను రాగానే రంపము పట్టవద్దు. అన్నిటిని బల్లపై పరచి, దేని అడాప్టరు దానికి తగిలించి, ఒక గంట ఆడి చూడవలెను. ఆ తెర 12 వోల్టులది, పెట్టె 8.5 వోల్టులది. రెండింటిని ఒకే అడాప్టరుతో నడుపదలచినచో 12ను 8.5కు తగ్గించు చిన్న కన్వర్టరు పలక కావలెను. దానిని పెట్టెకు తగిలింపకముందే మల్టీమీటరుతో కొలిచి, ధన ఋణములను రెండుసార్లు సరిచూడవలెను. ఈ ఒక్కచోట తొందరపడినందుననే పెక్కు పెట్టెలు మాడిపోవును.

తొడుగునకు ప్లైవుడ్ చాలును. పట్టణములోని ఏ వడ్రంగియైనను కోసి ఇచ్చును. పెట్టె వెనుకనున్న పంకాకు, గాలి పీల్చు సందులకు అడ్డు రాకుండవలెను. డిస్కు మూత పైకి తెరచుకొనును గనుక తెర ఎత్తియున్నపుడు మూత పూర్తిగా లేచునట్లు కొలత తీయవలెను. తెర బరువునకు పెట్టె వెనుకకు ఒరిగినచో అడుగుపలకను నాలుగు వ్రేళ్లు పొడిగింపుడు. మడతబందువద్ద ఒంటిపోగు తీగ నాలుగునాళ్లకే తెగును. సన్నపోగుల తీగను కొంత వదులుగా విడువవలెను.

ఇక బ్యాటరీ. లిథియం సెల్లు నిండినపుడు 4.2 వోల్టులుండును, దానిని మించి నింపినను, తీగలు ఒకదానికొకటి తగిలినను నిప్పంటుకొనవచ్చును. రక్షణ పలక లేని సెల్లులను, పాత లాప్‌టాపులనుండి పీకినవానిని ఇంటిలోనికి రానీయవద్దు. బ్యాటరీ లేదని పిల్లవాడు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. హెకెండార్న్ ఎక్స్‌బాక్స్ లాప్‌టాప్ కూడ గోడనున్న ప్లగ్గుకు తగిలించి ఆడవలసినదే.