యంత్రసహాయమున వ్యూహక్రీడ

మన మెదకు రచ్చబండలపై పులిజూద మాడువారు వేసిన యెత్తును వెనుకకు దీసికొనుట తప్పు. 1991లో వెలువడిన ‘సివిలైజేషన్’ వంటి, రాజ్యములను నిర్మించు పాత కంప్యూటరు ఆటలందు మాత్రము, ఆనాటి యంత్రము ననుకరించు ఎమ్యులేటరు సాయమున, ప్రతి యెత్తునకు ముందటి స్థితిని భద్రపఱచి, ఎత్తు చెడినచో మరలి వేఱొకటి పరీక్షింపవచ్చును. యుద్ధఫలమును నిర్ణయించు పాచికలును అందు గణితమే. కొన్ని యాటలలో మీట నొక్కు క్షణము మార్చిన ఫలమును మాఱును.

ఇది శకుని మాయ గాదా? కాదు. శకుని మర్మమును దాచెను. వీరు యంత్రసహాయమని ముందే చాటి, నొక్కిన మీటల పట్టికనే వెల్లడింతురు. దానిని మరల నడపి యెవరైనను సరిచూడవచ్చును. దాచిన మోసము, చెప్పిన శాస్త్రము. మీ మనుమడు అట్టి యాట చూపినప్పుడు, చేతినేర్పా, శోధనఫలమా యని యడుగుడు. రెండును మెచ్చదగినవే, ఒకటి వేఱొకటిగా చెలామణి కారాదు.