ముసలమ్మ మాట, మన చుక్క
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రికార్డు చేసిన మాటను కాగితం మీదికి ఎక్కించేటప్పుడు చుక్క, కామా ఎక్కడ పెట్టాలో చెప్పమన్నారు. ఇదేటి, బడిపిల్లల పాఠం అనుకోకండి. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపేశారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సర్కారు సేకరించగా, మునగకుండా మిగిలిన భూమి దగ్గర వచ్చిన తగాదా అది. వంగర మండలం అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం. అలాంటి ఊరికి మనం వెళ్తాం. ఏడుస్తూ చెప్పే మనిషి చుక్కలూ కామాలూ చెప్పదు. అవి పెట్టేది మనమే.

నేను చేసిన తప్పే చెబుతాను. ఒక ఊళ్లో ముసలమ్మ, "మా అయ్య దున్నిన బూమి మాది కాదూ?" అంది. రాత్రి నిద్రమత్తులో నేను "మాది కాదు." అని రాసేశాను. దీర్ఘం పోయింది, ప్రశ్న గుర్తు పోయింది, వాటితోపాటు భూమీ పోయింది! మర్నాడు చదివి వినిపిస్తే, "నానెప్పుడు కాదన్నాను బాబూ?" అని నిలదీసింది. వినిపించకపోయి ఉంటే ఆ కాగితం ఎవరి చేతికి పోయేదో! రాసింది చెప్పిన మనిషికి చదివి వినిపించందే బయటికి పంపకండి.

మన వైపు ప్రశ్న సగం గొంతులోనే ఉంటుంది. "ఆలొచ్చినారు" అన్నది చెప్పడమా, అడగడమా? మళ్లీ వినాలి. "నాను"ను "నేను" చెయ్యొద్దు. శ్రీకాకుళం దగ్గర 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవరల మాటను వాళ్ల నోటి నుంచే విని నేర్చుకున్నాడు, ఏ టేపూ లేకుండా.

తిట్ల దగ్గర మరీ జాగ్రత్త. నలుగురిలో కులం పేరుతో దూషిస్తే అట్రాసిటీ చట్టం 3(1)(ఎస్) కింద నేరం. "కులం పేరెట్టి తిట్టాడు" అని మనం కుదించి రాస్తే చాలదు. వాడన్న మాట వాడన్నట్టే కొటేషన్ గుర్తుల మధ్య ఉండాలి. మన మాట ఒక్కటీ వాటి లోపలికి పోకూడదు.

ఆగితే మూడు చుక్కలు. వినబడకపోతే బ్రాకెట్లో (వినబడలేదు) అని రాయండి, ఊహించి పూరించకండి. ఏడిస్తే (ఏడ్చింది). ఆశ్చర్యార్థకం మాత్రం మన కోపం కొద్దీ వెయ్యకండి, ఆమె గొంతులో ఉంటేనే. రాయడం అయిపోయింది కదా అని ఫోన్లో రికార్డింగు చెరపకండి. ఈ చట్టం కింద కేసుల విచారణ వీడియో తీయాలని 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణే చెబుతోంది. మన కాగితాన్నీ గొంతు పక్కన పెట్టి చూసేవాళ్లు ఉంటారు.

భోజనాలయ్యాక ఒక రికార్డింగు పెడతాను. అందరూ రాయండి, ఎవరి చుక్క ఎక్కడ పడిందో చూద్దాం.