సిద్ధాంతం పుట్టిన పంక్తి



క్రైస్తవ సిద్ధాంత చరిత్ర అనగానే మనవాళ్ళు నీకయ మహాసభతో మొదలుపెడతారు. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిపించిన ఆ సభ, క్రీస్తు సృష్టించబడినవాడన్న అరియసు బోధను తోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకతత్త్వం గలవాడని తీర్మానించింది. ఆ మాట కోసం అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ ఐదుసార్లు ప్రవాసానికి వెళ్ళాడు. నాకు ఆయనంటే ఎంతో గౌరవం. అయితే ఆదిసంఘ నాయకులు అంతకు చాలాముందే తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్న మరొకటి ఉంది: ఎవరితో కూర్చుని తినవచ్చు?

సుమారు క్రీ.శ. 49లో పేతురు, పౌలు, బర్నబా, యాకోబు యెరూషలేములో కూడి, యూదులు కాని అన్యజనులకు సున్నతి అక్కర్లేదని నిర్ణయించారు. కానీ అంతియొకయలో అన్యజనులతో భోంచేస్తున్న పేతురు, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గి వేరుగా ఉండిపోయాడు. పౌలు అందరి ముందూ ఆయన్ని నిలదీశాడు. పౌలు రాసిన గలతీ పత్రికలో ఈ తగాదా ప్రస్తావన వెంటనే, మనిషి విశ్వాసం వల్లనే నీతిమంతుడవుతాడన్న బోధ వస్తుంది. ఆ బోధను ఆ పంక్తి నుంచి విడదీసి చదవకూడదు.

ఆ ప్రశ్న మన సీమకూ వచ్చింది. 18వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఫ్రెంచి జెస్యూట్ పాదిరీలు పాండిచ్చేరి నుంచి బయలుదేరి క్రమంగా అనంతపురం ప్రాంతం దాకా వచ్చారు. సన్యాసి వేషం, శాకాహారం, మన భాషల్లో పాండిత్యం. అంతా మధురలో 1606 నుంచి పనిచేసిన రాబర్ట్ డి నోబిలి చూపిన దారే. జంధ్యం, పిలక, గంధం ఉంచుకోవచ్చని 1623లో పోపు 15వ గ్రెగరీ అనుమతించాడు. యూరపు అలవాట్లను ఎవరి నెత్తినా రుద్దని ఆ వివేకం యెరూషలేము నిర్ణయానికి తగిన వారసత్వమే.

కానీ ఆ గుమ్మంలోంచే కులమూ గుడిలోకి వచ్చింది. పంచముల ఇళ్ళకు పాదిరీలు వెళ్ళేవారు కాదు. చావుబతుకుల్లో ఉన్నవారి ఇళ్ళకైనా వెళ్ళి సంస్కారాలు ఇవ్వాలని పోపు ప్రతినిధి టూర్నోన్ 1704లో పాండిచ్చేరిలో ఆదేశించాడు. నలభై ఏళ్ళ వాదం తర్వాత 1744లో పోపు 14వ బెనెడిక్టు దాన్ని ఖాయం చేస్తూనే, వారికోసం వేరే పాదిరీలను పెట్టడానికి ఒప్పుకున్నాడు. అంతియొకయలో పేతురు తడబాటు ఒక పూటది. మన దగ్గర అదే ఏర్పాటుగా స్థిరపడింది. ఇది నా తీర్పు, కఠినమైనదే.

ఆ మిషన్ ఇచ్చినదాన్ని నేను తక్కువ చేయను. ఇక్కడి రెడ్డి క్రైస్తవ కుటుంబాలు కరువులకూ యుద్ధాలకూ గుంటూరు వైపు తరలిపోతూ విశ్వాసాన్ని వెంట తీసుకెళ్ళాయి. మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనం అనే క్రైస్తవ కావ్యం రాశాడు. ఈ చరిత్ర రాసినవాళ్ళు వీటిని పదిలం చేశారు. ఊరి బయట గుడిసెలో ప్రార్థన నేర్చుకున్నవాళ్ళ సంగతి మాత్రం దాదాపుగా ఎవరూ రాసి పెట్టలేదు.

ఆ మౌనం ఈమధ్య కొంత వీడింది. 2016లో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య, దళితుల పట్ల వివక్ష సంఘంలోనే ఉందని తన విధాన పత్రంలో ఒప్పుకుంది. 2022లో మన ఉమ్మడి కర్నూలు జిల్లా బిడ్డ, దళితుడు, పూల ఆంథోని కార్డినల్ అయ్యారు.

నల్లచెరువు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఈ సభకు వచ్చిన మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే. మీ ఊళ్ళలో పాత జ్ఞానస్నాన పుస్తకాలు, సమాధుల మీది పేర్లు, ముసలివాళ్ళ జ్ఞాపకాలు మిగిలుంటే ఇప్పుడే నకలు రాయండి, రికార్డు చేయండి. మాల, మాదిగ పేటల నుంచే మొదలుపెట్టండి.