పసిబిడ్డల కడుపున దాగు కాన్సరు
(వార్షిక మహాసభయందు ఒక వైద్యు డొసగిన ఉపన్యాసము)



నిధులు, వసతిగృహములు మున్నగు గొప్ప విషయముల నడుమ శిశువ్యాధులను గూర్చి మాటలాడుటకు నాకు అవకాశ మొసగిన ఆహ్వానసంఘమువారికి కృతజ్ఞుడను. నేను విన్నవింపదలచిన దొక్కటియే: పసిబిడ్డల కడుపులో పుట్టు కాన్సరు అరుదైనది, అది యొక్కొక్కప్పుడు కడుపున గాక వేఱొకచోట మొదట తన జాడ చూపును.

నేను వృత్తిలో క్రొత్తగా ప్రవేశించిన దినములలో ఒక తల్లి రెండేండ్ల బాలుని తీసికొనివచ్చెను. వాని కన్నులచుట్టు నల్లగా కమిలియుండెను, కుంటుచుండెను. ఎక్కడనో పడినాడని తలచి నొప్పికి మందిచ్చి పంపితిని. ఇంటివారు దిష్టి తీసిరి. ఆఱు వారములపిమ్మట మరల వచ్చినప్పుడు గాని నేను కడుపు తడవి చూడనైతిని. మూత్రపిండముపై నుండు అడ్రినల్ గ్రంథిలో గడ్డ యుండెను. అది యప్పటికే యెముకలకు ప్రాకెను. బిడ్డ దక్కలేదు. ఆ తప్పు నాది. దిష్టి తీసిన తల్లిది కాదు.

ఆ వ్యాధి న్యూరోబ్లాస్టోమా. కొందఱు బిడ్డలలో దీనివలన కనుగ్రుడ్లు నిలువక నాట్యమాడును, కాలుసేతు లదరును; మఱికొందఱికి నీళ్ల విరేచనములు ఎంతకును కట్టవు.

మూత్రపిండమున పుట్టునది విల్మ్సు గడ్డ. 1899లో జర్మను శస్త్రవైద్యుడు మాక్సు విల్మ్సు దీనిని విపులముగా వర్ణించెను. బిడ్డ ఆడుకొనుచునే యుండును. స్నానము చేయించునప్పుడు తల్లిచేతికి గడ్డ తగులును. ఒక్కొక్కప్పుడు మూత్రమున రక్తమో, అధికమైన రక్తపుపోటో మాత్రమే కానవచ్చును. మూడేండ్ల బిడ్డకు రక్తపుపోటు చూచువా రెందఱు? కాలేయమున పుట్టు హెపటోబ్లాస్టోమా అత్యరుదుగా బాలురలో అకాలయౌవన లక్షణములను కలిగించును.

కుంటిన బిడ్డకెల్ల కాన్సరని భయపడవలదు. కాని కారణము తెలియని లక్షణము విడువకున్నచో, కడుపుకూడ చూడుమని వైద్యుని అడుగుడు. అల్ట్రాసౌండు పరీక్షవలన నొప్పి యుండదు. కడుపున గడ్డ తగిలినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపొండు. ఆముదము రాచి పిసుకవలదు, వాతలు పెట్టింపవలదు. పిసికినచో గడ్డ పగిలి వ్యాధి వ్యాపించు ప్రమాదము కలదు.

ఇది పూర్వజన్మపాపము కాదు, అంటువ్యాధి కాదు. శస్త్రచికిత్సయు మందులును చక్కగా లభించు దేశములలో నేడు విల్మ్సు గడ్డ కలిగిన బిడ్డలు పదుగురిలో తొమ్మండుగురు బ్రదుకుచున్నారు. 2030 నాటికి ప్రపంచమున కాన్సరుసోకిన బిడ్డలలో నూటికి 60 మందియైన బ్రదుకవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో సంకల్పించెను. మనదేశమున ఆలస్యమును, నడుమనే చికిత్స మానుటయు పెక్కుబిడ్డలను బలిగొనుచున్నవి. చికిత్స నెలలతరబడి సాగును. కూలి పోగొట్టుకొని పట్టణమున తలదాచుకొన లేక తండ్రి బిడ్డ నెత్తుకొని ఇంటికి మఱలును.

పోషకులారా! చదువుకొను బిడ్డలకు వసతి కల్పించు మన సంఘము, చికిత్సపొందు బిడ్డల తలిదండ్రులకును ఆసుపత్రిచెంత రెండు గదులును, పూటకూడును ఏర్పఱుపజాలదా? ఈ సభ యా తీర్మానము చేయునని నమ్మి, సెలవు గైకొనుచున్నాను.