తడియు పొడియు కలిసినచోట తుప్పు

సముద్రములో ఎంత లోతున నుండిన ఇనుము అంత త్వరగా చెడునని మనము తలచుట సహజము. రేవులలో పాతిన ఉక్కు స్తంభములను పరిశీలించినచో విషయము వేరుగా కనబడును. బురదలో దిగిన భాగము చిరకాలము నిలుచును. నిత్యము నీట మునిగియుండు భాగము మెల్లగా క్షీణించును. అలలు తాకి తొలగుచుండు మీది భాగమే సాధారణముగా అన్నిటికంటె ముందు చెడును.

తుప్పు పుట్టుటకు నీరును, ప్రాణవాయువును రెండును కావలెను. కిలో సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములు కరగియున్నవి. అవి ఆ పనిని త్వరితము చేయును. అల తాకినచోట ఉక్కుపై పలుచని నీటిపొర మిగులును. గాలిలోని ప్రాణవాయువు దానిని సులభముగా దాటి లోహమును చేరును. ఎండకు నీరు ఆరి ఉప్పు మిగులును. అంతలో మరియొక అల వచ్చును.

దీనికి విరుగుడు వెదకినవారిలో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ ముఖ్యుడు. ఆనాటి కొయ్య ఓడల అడుగున తొడిగిన రాగిరేకులు ఉప్పునీట చెడుచుండగా, 1824లో ఆయన వానికి ఇనుప ముక్కలను, తుత్తునాగపు ముక్కలను తగిలించి చూచెను. రాగి నిలిచెను. కాని కరగుచున్నంతకాలము రాగి సముద్రపు గుల్లలను, నాచును దరిజేరనీయలేదు. కరగుట మానగనే అవి దట్టముగా పెరిగి ఓడల వేగమును తగ్గించెను. నౌకాధికారులు ఆ పద్ధతిని విడిచిరి. లోపము ఆయన సూత్రములో లేదని మా యభిప్రాయము. నేటి ఉక్కు ఓడల అడుగున అమర్చెడి తుత్తునాగపు దిమ్మెలు ఆ సూత్రము ననుసరించియే తాము కరగి ఉక్కును కాచుచున్నవి. వానికి రంగు పూయరాదు. ఏండ్లు గడచినను దిమ్మె అరగక యున్నచో సంతోషింపవలసిన పని లేదు. అది పనిచేయుట లేదన్నమాట.

ఇన్ని దిమ్మెలుండగా తుప్పు భయమేల యని శ్రోతలకు తోచవచ్చును. నీట మునిగియున్నప్పుడే దిమ్మె కాపాడగలదు. సరకు లేనప్పుడు ఓడ తూలిపోకుండ సముద్రజలము నింపెడి బలాస్టు తొట్లు నిండుచు, ఖాళీయగుచు నుండును. అచట రంగు చెడినచో చూచువా రరుదు. 1975లో జపానులో నిర్మింపబడిన ఎరికా అను చమురు ఓడ, 1999 డిసెంబరు 12న ఫ్రాన్సు దేశపు బ్రిటనీ తీరమునకు దూరమున, తుపానులో రెండుగా విరిగెను. నావికులు 26 మందియు ప్రాణములతో బయటపడిరి. సుమారు 20,000 టన్నుల చమురు కడలి పాలయ్యెను. బలాస్టు తొట్లలోని ఉక్కు తుప్పుచే బలహీనపడుట ముఖ్య కారణములలో నొకటియని విచారణలో తేలెను.

ఇప్పుడు చెవికి వినబడని శబ్దతరంగములతో రేకు మందమును కొలుచుచున్నారు. అందులకు మనిషి తొట్టిలోనికి దిగవలెను. మూసియుంచిన తొట్టిలో తుప్పు అచటి గాలిలోని ప్రాణవాయువును సైతము హరించును. అట్టి గాలి పీల్చిన మనిషి కేక వేయుటకైనను వ్యవధి లేక కూలిపోవును. కనుక తొట్టికి గాలి పట్టించి, ప్రాణవాయువును కొలిచిన పిమ్మటనే లోనికి దిగుదురు.