సీటు ఎవరి దయా కాదు, లెక్క అడుగుదాం

(ఇంటర్ ఫలితాలు వచ్చినాక చిత్తూరు జిల్లాలోని ఒక దళితవాడలో, అంబేద్కర్ విగ్రహం ముందర జరిగిన సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా మామిడి తోటల్లో, టమోటా చేన్లలో కూలి చేసొచ్చి కూర్చున్నారు. అందుకని డొంకతిరుగుడు లేకుండా విషయానికే వస్తాం. ఈ రోజు మాట్లాడేది డిగ్రీ సీటు గురించి. ఇంటర్ పాసైన మన పిల్లకాయలకు డిగ్రీలో సీటు ఎవరిస్తారు, ఏ లెక్కన ఇస్తారు, ఆ లెక్కలో మన వాటా ఎంత, అది మన చేతికి రాకుండా యాడ జారిపోతోంది? ఈ నాలుగు ప్రశ్నలే.

ముందు మా సంగతి ఒకటి చెప్తాం. 1990ల చివర మా వాడ నుంచి ఇంటర్ దాటినోళ్ళం ఇద్దరమే. ఇద్దరమూ ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టినాం. దాని పేరు ఇప్పుడు అనవసరం. నోటీసు బోర్డులో మా పేర్లు లేవు. కిటికీ దగ్గరికి పోతే గుమస్తా తల ఎత్తకుండానే "మీ కోటా అయిపోయింది" అన్నాడు. మేము "సరే సార్" అని తిరిగొచ్చేసినాం. మాలో ఒకరు రెండో విడతలో ఎట్లో ఇంకో గ్రూపులో దూరినారు. ఇంకొకడు బెంగుళూరుకు పొయ్యి సెంట్రింగ్ పనిలో చేరినాడు. ఇప్పటికీ ఆ పనే. చాలా ఏండ్ల తర్వాత, సంఘం తరగతుల్లో కూర్చుని చట్టం చదివినాక, ఆ రోజు ఆ బోర్డు మీద ఏం జరిగిందో మాకు అర్థమయింది. మన కులం పిల్ల ఒకామె మెరిట్‌లో ఐదో నంబరు. ఆమె ఓపెన్ సీటు తెచ్చుకున్న మనిషి. ఆమెను కూడా మా కోటాలోనే లెక్కేసి, ఒక సీటు మింగినారు. ఆ ఒక్క సీటే మావాడిది. మాకు మార్కులు తక్కువ కాలేదు, లెక్క తెలియడం తక్కువైంది.

ఇంక ఆ లెక్కకు వద్దాం. రాష్ట్ర కాలేజీల్లో నూటికి 15 సీట్లు ఎస్సీలవి, 6 ఎస్టీలవి, 29 బీసీలవి. మతం మారిన మన క్రైస్తవ సోదరులు బీసీ-సీ కింద వస్తారు, వాళ్ళకు నూటికి ఒకటి. 60 సీట్ల కోర్సులో ఎస్సీలకు 9 సీట్లు. "ఎస్సీలకు 9" అంటే తొమ్మిదికి మించి రాకూడదని కాదు. తొమ్మిదికి తగ్గకూడదని. ముందు ఓపెన్ జాబితా కులంతో పని లేకుండా మార్కుల వరసలో వెయ్యాలి. అందులో మన పిల్లలు ముగ్గురుంటే ఆ ముగ్గురూ ఓపెన్ వాళ్ళే. ఆ తర్వాత వేరే తొమ్మిది. మొత్తం పన్నెండు. రిజర్వేషన్ అనేది గోడకు పునాది లాంటిది, ఇంటికి పైకప్పు కాదు. మండల్ కేసులో 1992లో ఉద్యోగాల గురించి సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే, 1996లో రితేష్ సా కేసులో కాలేజీ సీట్ల గురించి చెప్పిందీ ఇదే. అయినా ఈ సూత్రం చాలామంది గుమస్తాల చెవి దాకా రాలేదు. వచ్చినా కొందరు వినపడనట్టు వుంటారు.

ఈ 15 అనేది వూరికే వచ్చింది కాదు. మన చిత్తూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే వుండింది. అక్కడ కమ్యూనల్ జీవో అని ఒకటుండేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవులూ ఆంగ్లో ఇండియన్లకు కలిపి 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ, ఈ జీవో వల్ల తనకు మెడికల్ సీటు రాదని 1950లో కోర్టుకెక్కింది. విశేషమేమంటే ఆమె అప్పటికి దరఖాస్తే పెట్టలేదు! 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. బాబాసాహెబ్ అప్పుడు న్యాయశాఖ మంత్రి. ఆ జూన్‌లోనే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి 15వ అధికరణానికి నాలుగో క్లాజు చేరింది. ఈ రోజు మన పిల్లవాడికి కాలేజీలో సీటు వచ్చేది ఆ క్లాజు మీదనే. వాళ్ళు దరఖాస్తు పెట్టకుండానే సుప్రీంకోర్టు దాకా పొయ్యినారు. మనం దరఖాస్తు పెట్టి కూడా కిటికీ దగ్గర "ఎందుకు?" అని అడగలేక వెనక్కొస్తున్నాం. తేడా ఎక్కడుందో చూడండి.

ఇంక సీటు ఇచ్చేదెవరు? తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పెట్టినారు. రాయలసీమలో, అనంతపురంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం కేంద్రం ఒకటి పెట్టాలని పెద్దలు 1937 శ్రీబాగ్ ఒడంబడికలోనే రాసుకున్నారు. మన డిగ్రీ కాలేజీలు దాని గుర్తింపు కిందనే నడుస్తున్నాయి. ఒకప్పుడు ఏ కాలేజీకి ఆ కాలేజీయే ఫారాలు అమ్మి, జాబితా వేసేది. 2020 నుంచి మన రాష్ట్రంలో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్‌లో అన్ని డిగ్రీ కాలేజీలకూ కలిపి సీట్లు ఇస్తోంది. పేరు నమోదు, సర్టిఫికెట్ల తనిఖీ, కాలేజీల వరస పెట్టుకోవడం, సీటు కేటాయింపు, పొయ్యి చేరడం, ఈ ఐదు మెట్లు. ఇంటర్ మార్కులే కొలబద్ద. గుమస్తా ముఖం చూడకుండా సీటు వస్తుంది కదా అని మేమూ సంతోషించినాం. అది మంచి మార్పే. కానీ ముఖం చూడని యంత్రానికి మన కష్టమూ కనపడదు.

చూడండి, 2025లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వచ్చినాయి. డిగ్రీ ప్రవేశాల ప్రకటన ఆగస్టులో వచ్చింది. మధ్యలో నాలుగు నెలలు. వున్నోళ్ళ పిల్లలకు అది సెలవు. మన పిల్లలకు అది కూలి. పిల్లవాడు బెంగుళూరుకో, శ్రీసిటీ కంపెనీలకో పోతాడు. నెల జీతం చేతికి వచ్చినాక వాడు తిరిగి రాడు. ఆడపిల్లకైతే ఆ నాలుగు నెలల్లో సంబంధం చూస్తారు. ఎవరూ "మీకు సీటు లేదు" అనకుండానే సీటు పోయింది. అందుకే ప్రవేశాల తేదీ కూడా సామాజిక న్యాయం ప్రశ్నే అంటున్నాం.

ఇంకొకటి, నంబరు పెట్టుకునేది నెట్ సెంటర్ వాడు. పిల్ల పక్కన నిలబడి వుంటే వాడే కాలేజీల వరస నొక్కేస్తాడు. ఊరికి దగ్గర సర్కారు కాలేజీ వుంటే, ఎక్కడో హాస్టల్ లేని ప్రైవేటు కాలేజీ మొదట పడుతుంది. ఆ కాలేజీ ఏజెంటు ముందే వాడలో తిరిగి పొయ్యి వుంటాడు. పాస్‌వర్డ్, ఓటీపీ వాడి చేతికి ఇచ్చినామంటే ఓటు వాడికి అమ్మినట్టే.

ఇప్పుడు మన చిత్తూరోళ్ళకే సొంతమైన బాధ. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం యూనివర్సిటీ ప్రాంతంలో నూటికి 85 సీట్లు స్థానికులవి. మనకు స్థానిక ప్రాంతమంటే రాయలసీమ, నెల్లూరు కలిసిన ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం. స్థానికుడంటే ఎవరు? ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేండ్లు ఇక్కడ చదివినోడు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు. మన తల్లిదండ్రులు ఇటుక బట్టీలకు, బిల్డింగు పనులకు బెంగుళూరు, మద్రాసు పోతారు. పిల్లవాడు తొమ్మిది, పది అక్కడి బళ్ళో చదివి, ఇంటర్ ఇక్కడ చదివితే వాడు "నాన్‌లోకల్" అవుతాడు. తాత ముత్తాతలు ఈ మట్టిలోనే కలిసిపోయినా వాడు పరాయివాడే! మిగతా 15 సీట్లలోనే పోటీ పడాలి. బడి మానేసి ప్రైవేటుగా పరీక్ష కట్టినోళ్ళకు మాత్రం నివాస ధ్రువీకరణ పత్రం పనికొస్తుంది. అందుకని వలస పొయ్యే అక్కలకు ఒక మాట: పిల్లను తొమ్మిది నుంచైనా ఇక్కడి హాస్టల్లో పెట్టండి. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టండి.

ఎస్సీ వర్గీకరణ గురించీ దాచుకోకుండా చెప్తాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల తీర్పు తర్వాత, 2025లో మన రాష్ట్రంలో 15ను మూడుగా పంచినారు. రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5. దీనిమీద వాడల్లో రెండు మాటలున్నాయి. వుండనీ. కానీ పంచుకునే ముందు 15 మొత్తం వచ్చిందా లేదా చూసే బాధ్యత మాలలదీ, మాదిగలదీ, రెల్లోళ్ళదీ ఒకటే. కుండలో సంగటి తక్కువ పడిందెందుకో అడగకుండా, నీ ముద్ద పెద్దదా నా ముద్ద పెద్దదా అని కొట్టుకుంటే నవ్వేదెవరు?

అడిగేటప్పుడు కాలేజీ పేరు మీద భయం వద్దు. క్యాపిటేషన్ ఫీజు తీసుకోరాదని 1983 నుంచి మన రాష్ట్రంలో చట్టముంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పట్టి పెట్టుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. ప్రైవేటు కాలేజీలకు రిజర్వేషన్ వర్తించదని 2005 ఆగస్టులో సుప్రీంకోర్టు అంటే, పార్లమెంటు 93వ రాజ్యాంగ సవరణ చేసి 15వ అధికరణానికి ఐదో క్లాజు చేర్చింది. మైనారిటీ సంస్థలను మాత్రం అందులోంచి తప్పించినారు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో వుంది. ఏ కోర్సులో ఎన్ని సీట్లు, ఏ కోటాలో ఎవరికి ఎన్ని మార్కులకు ఇచ్చినారు, మిగిలిన ఎస్సీ సీట్లు ఏమైనాయి, ఈ మూడు ప్రశ్నలు ఒక్క కాగితం మీద రాసి పదిరూపాయలు కట్టండి. జవాబు ఇచ్చి తీరాలి.

చివరగా ఒక మాట. 1927లో బొంబాయి శాసన మండలిలో యూనివర్సిటీ చట్టం సవరణ చర్చకు వస్తే, బాబాసాహెబ్ లేచి సెనేట్‌లో వెనకబడిన కులాలకు చోటు కావాలని వాదించినారు. ఎందుకు? సీటు అడిగితే ఒక పిల్లవాడు లోపలికి పోతాడు. నిబంధనలు రాసే బల్ల దగ్గర కూర్చుంటే వెయ్యిమందికి తలుపు తెరుచుకుంటుంది. ఈ రోజుకీ మన యూనివర్సిటీల పాలక మండళ్ళలో ఎవరున్నారో, మన వాళ్ళు ఎందరున్నారో మనం లెక్కపెట్టినామా?

అందుకని ఈ రాత్రే ఒక పని మొదలుపెడదాం. ఈ వాడలో ఇంటర్ పాసైన ప్రతి పిల్ల పేరూ, పిల్లవాడి పేరూ ఒక నోటుబుక్కులో రాయండి. కుల ధ్రువీకరణ, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు ఎవరికి లేవో ఎదురుగా రాయండి. లేనివి సచివాలయంలో ఈ వారమే పెట్టించండి. ఆన్‌లైన్ తెరిచిన రోజు నలుగురు చదువుకున్నోళ్ళం వస్తాం, పిల్లల పక్కన కూర్చుంటాం. నొక్కేది మాత్రం పిల్లలే. పనికి పోయినోళ్ళకు ఫోన్ చేసి పిలిపించే బాధ్యత సంఘానిది. కేటాయింపు వచ్చినాక ఆ నోటుబుక్కు తెరిచి, ఎవరు చేరినారు, ఎవరు చేరలేదు, ఎందుకు చేరలేదు అని ఇక్కడే, ఈ విగ్రహం ముందరే కూర్చుని చూద్దాం.

మా స్నేహితుడు కిటికీ దగ్గర నుంచి "సరే సార్" అని తిరిగొచ్చినాడు. వాడి కూతురు ఈ సంవత్సరం ఇంటర్ పాసయింది. ఆ నోటుబుక్కులో మొదటి పేరు ఆమెదే రాయండి. ఆమె "సరే సార్" అనకూడదు. "లెక్క చూపించండి సార్" అనాలి.

జైభీమ్!