అంబాసిడర్ ఆగిన చోట

(టికియాపారాలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



టికియాపారాలో ‘కార్ షెడ్’ అనగానే మనకు తోచేవి లోకల్ రైలు పెట్టెలే గాని మోటారు కార్లు కావు. అయినను నేడు మోటారు కారును గురించే మాట్లాడదలచినాము. హౌరా నుండి బర్ద్వాన్ మెయిన్ లైనులో ఉత్తరపారా దాటగానే హింద్ మోటర్ స్టేషను వచ్చును. కర్మాగారం పేరే స్టేషనుకూ, అచ్చటి తపాలా కార్యాలయానికీ వచ్చినది. ఆ రెండూ నేటికీ ఉన్నవి. కారు తయారీ మాత్రం 2014లోనే ఆగినది.

మన దేశంలో మొదట జరిగినది తయారీ కాదు, బిగింపు. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలోనూ, పిమ్మట ఫోర్డు కంపెనీ బొంబాయి, కలకత్తా, మద్రాసులలోనూ దిగుమతి చేసిన భాగాలను జోడించి కార్లు అమ్మినవి. 1942లో బిర్లాలు స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ సైతం గుజరాత్ తీరాన ఓఖా రేవులో బిగింపుతోనే ఆరంభించి, 1948లో ఉత్తరపారాకు తరలినది. దేశంలోనే భాగాలు తయారుచేసే ప్రణాళిక లేని సంస్థలు తప్పుకొనవలెనని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేసినది. విదేశీ కంపెనీలు వెళ్లిపోయినవి. ఆ నిర్ణయం సరియైనదే అని మా అభిప్రాయం.

ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1950ల చివర అంబాసిడర్ వచ్చినది. మంత్రికీ అదే, టాక్సీకీ అదే. లైసెన్సుల విధానంలో కొనేవారు పేరు నమోదు చేయించుకొని ఏండ్ల తరబడి వేచి ఉండేవారు. ఆ వరుసను చూచి యాజమాన్యం నిశ్చింతగా ఉండినది. కారు ఆకారం ఇంచుమించు అట్లే నిలిచినది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. 1980ల మధ్య ఏటా సుమారు 24,000 అమ్ముడైన అంబాసిడర్, 2013-14 నాటికి సుమారు 2,200కు దిగజారినది. కార్మికులే కారణమనేవారున్నారు. నమూనా మార్చవలెనా, కొత్త యంత్రాలు తేవలెనా అన్నది ఏ కార్మికుని అడిగి నిర్ణయించినారు?

2014 మే నెలలో గేటుకు అంటించిన నోటీసులో ‘మూసివేత’ అన్న మాట లేదు, ‘పని నిలిపివేత’ అని ఉన్నది. ఈ తేడా గమనించండి. నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం అంత పెద్ద కర్మాగారాన్ని మూయవలెనంటే ప్రభుత్వ అనుమతి పొందవలెను, కార్మికులకు నష్టపరిహారం చెల్లించవలెను. నిలిపివేత అంటే వేతనమూ లేదు, లెక్క తేలడమూ లేదు. రెండు వేలకు పైబడిన కుటుంబాలు ఆ ఒక్క మాట నడుమ చిక్కుకొన్నవి. 2017లో అంబాసిడర్ పేరును మాత్రం ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు అమ్మినారు.

ఇక మన సంగతి. అదే ఉత్తరపారాలో టిటాగఢ్ సంస్థ నేడు మెట్రో పెట్టెలు తయారుచేయుచున్నది. 2023లో బి.హెచ్.ఇ.ఎల్.తో కలిసి 80 వందే భారత్ స్లీపర్ రైళ్ల ఒప్పందం పొందినది. ఆ ఒప్పందంలో రైళ్ల తయారీతో పాటు 35 సంవత్సరాల నిర్వహణ కూడా ఉన్నది. నిర్వహణ అంటే ఏమిటో, అది నేటి వరకు ఎవరి పనో, ఈ షెడ్డులో పనిచేసే మీకు మేము చెప్పనవసరం లేదు. ఆ ఒప్పందపు షరతులను తెలుగులో ముద్రించి ప్రతి శాఖకు పంపవలెనని ఫెడరేషన్‌ను కోరుచున్నాము.